నెల తిరక్కుండానే 150 డాలర్ల కోత

2008 జూన్ 16న ఎన్విడియా తన కొత్త గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 280ని బయటపెట్టింది. ధర 649 డాలర్లు. దాని తమ్ముడు జీటీఎక్స్ 260కి 399. అప్పటికి ఏడాదిన్నరగా పై మెట్టు మీద ఆ కంపెనీకి ఎదురు లేదు. 2006 నవంబర్‌లో వాళ్లు దించిన 8800 జీటీఎక్స్‌ని ఒక్క చిప్పుతో ఏ పోటీదారూ కొట్టలేకపోయాడు. ఎదురు లేనివాడు చెప్పిందే ధర కాబట్టి 649 కూడా చెల్లిపోతుందనే అందరూ అనుకున్నారు.

చెల్లలేదు. మూడు రోజులకే ఏఎమ్‌డీ వాళ్ల రేడియాన్ హెచ్‌డీ 4850 దుకాణాల్లో కనిపించింది. కంపెనీ పెట్టుకున్న ముహూర్తానికి ముందే కొందరు వ్యాపారులు అమ్మకం మొదలుపెట్టేశారు. ధర 199 డాలర్లు. జూన్ 25న దాని అన్న హెచ్‌డీ 4870 వచ్చింది, 299కి. చాలా ఆటల్లో అది 399 డాలర్ల జీటీఎక్స్ 260తో సమానంగా పరుగెత్తింది, కొన్నింట్లో దాటేసింది. 649 డాలర్ల పెద్దకార్డుకి కూడా మరీ దూరంలో లేదు. తమాషా ఏమిటంటే, జీటీఎక్స్ 260 అమ్మకానికి వచ్చింది ఆ మర్నాడు, 26న. బజార్లో కాలు పెట్టిన రోజుకే దాని ధర చెల్లని కాసైంది. జూలై సగానికల్లా 649 కాస్తా 499కి దిగింది. 399 కాస్తా 299 అయింది.

ఇలా నెల తిరక్కుండానే ఒక కంపెనీ తన పెద్దకార్డు మీద 150 డాలర్లు తెగ్గోసుకోవడం ఆ బజారు మామూలుగా చూసే సంగతి కాదు. దీని వెనక మూడేళ్ల కిందటి ఒక నిర్ణయం ఉంది. ఓడిపోతున్నవాళ్లు తీసుకున్న నిర్ణయం అది.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1990లలో పీసీల కోసం త్రీడీ చిప్పులు చేసే కంపెనీలు అమెరికాలో, కెనడాలో బోలెడు. శాన్ హోసేలో సిలికాన్ గ్రాఫిక్స్ నుంచి బయటికొచ్చినవాళ్లు 1994లో త్రీడీఎఫ్ఎక్స్ పెట్టారు. వాళ్ల వూడూ చిప్పు మొదట వీడియోగేమ్ పార్లర్ల యంత్రాల కోసం అనుకున్నది. 1996లో మెమరీ ధరలు పడిపోవడంతో అదే చిప్పు ఇంట్లో పీసీకి కూడా గిట్టుబాటైంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి: మొదటి పెద్ద విజయానికి దారి తీసింది మెమరీ ధర. తర్వాత రెండేళ్లు త్రీడీఎఫ్ఎక్స్‌దే రాజ్యం. ఆపైన కార్డులు కూడా తామే తయారుచేసి అమ్ముకోవాలన్న ఆశ పుట్టి ఎస్‌టీబీ అనే కార్డుల కంపెనీని కొన్నారు. దాంతో అప్పటిదాకా వాళ్ల చిప్పుతో కార్డులు చేసి అమ్మిన భాగస్వాములంతా ఎన్విడియా వైపు జరిగిపోయారు. 2000 డిసెంబర్‌లో త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తుల్లో పనికొచ్చేవన్నీ ఎన్విడియాయే కొనుక్కుంది. మిగతా చిన్నాచితకా కంపెనీలు ఒక్కొక్కటీ జారుకున్నాయి.

బరిలో ఇద్దరు మిగిలారు. 1993లో జెన్సన్ హువాంగ్, క్రిస్ మాలకోవ్‌స్కీ, కర్టిస్ ప్రీమ్ పెట్టిన ఎన్విడియా ఒకటి. 1985లో టొరంటో శివార్లలో పుట్టిన ఏటీఐ రెండోది. తర్వాత ఏఎమ్‌డీ కొన్నది దీన్నే. 2002లో ఏటీఐ రేడియాన్ 9700 ప్రోతో పోటీదారుని చిత్తు చేసింది. దానికి జవాబుగా వచ్చిన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 ఫ్యాను ఎంత రొద చేసేదంటే, దాని మీద వేళాకోళపు వీడియో ఎన్విడియావాళ్లే తీసుకున్నారు. నవ్వుకోగల కంపెనీని ఓడించడం కష్టం. రెండేళ్లలో వాళ్లు కోలుకున్నారు.

ఇద్దరే మిగిలిన బజార్లో ధరకి ఏమవుతుందో చెప్పే ఒక ముచ్చట ఆ రోజులదే. 2006 చివర్లో కుమ్మక్కు అనుమానంతో అమెరికా న్యాయశాఖ రెండు కంపెనీలకీ సమన్లు పంపింది. వినియోగదారులు వేరే దావాలు వేశారు. ఆ దావాల్లో బయటపడ్డ ఈమెయిళ్లలో 2002 నాటిది ఒకటుంది. ఎన్విడియా మార్కెటింగ్ పెద్ద ఏటీఐ పెద్దకి రాసినది. మనం పోటీదారులమే అయినా మన సరుక్కి మర్యాద నిలబెట్టుకోవడం ఇద్దరికీ అవసరమే, మార్కెటింగులో కలిసి నడుద్దాం అన్నది దాని సారాంశం. న్యాయశాఖ విచారణ ఏ కేసూ పెట్టకుండానే ముగిసింది. వినియోగదారుల దావాని చెరో 8,50,000 డాలర్లు ఇచ్చి సర్దుబాటు చేసుకున్నారు. చట్టం కళ్లకి అది నేరమో కాదో అలా ఉంచండి. ఇద్దరే ఉన్న చోట కుమ్మక్కుకి రహస్య సమావేశాలు అక్కర్లేదని నాకనిపిస్తుంది. అవతలివాడి ధర చూసి దాని పక్కనే మన ధర పెట్టుకుంటే చాలు, ఇద్దరికీ గడిచిపోతుంది.

అలా గడిచిపోకుండా చేసింది ఏటీఐకి తగిలిన ఎదురుదెబ్బ. 2005లో వాళ్ల ఎక్స్1800 చిప్పులో అంతుచిక్కని లోపం ఒకటి నెలల తరబడి పీడించింది. బయటినుంచి తెచ్చుకున్న ఒక డిజైన్ ముక్కలో ఉందది. జూన్‌లోనే ఎన్విడియా 7800 జీటీఎక్స్ దించేస్తే, ఏటీఐ అక్టోబర్ దాకా రాలేకపోయింది. పెద్ద చిప్పు అంటే ఇదే గొడవ. చెయ్యడానికి ఏళ్లు పడుతుంది, ఒక్క తప్పు దొర్లితే ఏడాది అమ్మకాలు ఊడ్చుకుపోతాయి. అంత కష్టపడ్డాక ఐదారు వందల డాలర్లు పెట్టి కొనేది గుప్పెడుమందే.

క్యారెల్ కిల్లిబ్రూ, రిక్ బెర్గ్‌మన్, మాట్ స్కిన్నర్ వంటి ఏటీఐ పెద్దల మధ్య వాదన మొదలైంది అక్కడే. అప్పటిదాకా పద్ధతి ఒకటే: ముందు సాధ్యమైనంత పెద్ద చిప్పు చెయ్యి, సింహాసనం ఎక్కు, తర్వాత దాన్ని కత్తిరించి చవక కార్డులు దించు. ఆ వరుసని తలకిందులు చేద్దామన్నారు వీళ్లు. ముందు 200 నుంచి 300 డాలర్ల మధ్య కార్డుకి సరిపోయే చిప్పు చేద్దాం, అసలు జనం ఉన్నది అక్కడే. సింహాసనం కావాలంటే అలాంటివి రెండు ఒకే కార్డు మీద బిగిద్దాం. గెలుపంటే వేగమేనని నమ్మిన ఇంజనీర్ల మధ్య కూర్చుని, మనం పెద్ద చిప్పు చెయ్యొద్దు అనడం తేలిక్కాదు. 2006లో ఏఎమ్‌డీ 540 కోట్ల డాలర్లకి ఏటీఐని కొనేసింది. మర్నాడు ఏమవుతుందో తెలియని ఆ గందరగోళంలోనూ ఈ నిర్ణయం చెక్కుచెదరలేదు. 2007 మేలో వచ్చిన హెచ్‌డీ 2900 ఎక్స్‌టీ పాత పద్ధతిలో చేసిన పెద్ద చిప్పు. అది బోల్తా కొట్టాక ఇక ఎదురుచెప్పేవాళ్ల గొంతు తగ్గే ఉంటుంది.

చిన్న చిప్పు ఎందుకంత చవకో తెలియాలంటే తైవాన్ వెళ్లాలి. ఎన్విడియాకి గానీ ఏఎమ్‌డీ గ్రాఫిక్స్‌కి గానీ చిప్పులు పోసిచ్చేది అక్కడి టీఎస్‌ఎమ్‌సీ. చిప్పులు 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి సిలికాన్ పళ్లెం మీద తయారవుతాయి. దాన్ని వేఫర్ అంటారు. కంపెనీ డబ్బు కట్టేది ఆ పళ్లేనికి. గుండ్రటి పళ్లెంలో పోసిన మైసూర్‌పాకుని పలకలుగా కోస్తే అంచుల్లో వంకర ముక్కలు ఎలా మిగిలిపోతాయో ఇక్కడా అంతే. ముక్క పెద్దదైతే అంచుల్లో వృథా కూడా పెరుగుతుంది.

జీటీఎక్స్ 280 చిప్పు విస్తీర్ణం 576 చదరపు మిల్లీమీటర్లు. లెక్కగడితే ఒక పళ్లేనికి 95 దాకా వస్తాయి. ఏఎమ్‌డీ చిప్పు ఆర్‌వీ770ది 256 చదరపు మిల్లీమీటర్లు. అవి 230కి పైనే వస్తాయి. అక్కడితో ఆగదు. తయారీలో పళ్లెం మీద అక్కడక్కడా ఏ నలుసో పడి లోపాలు వస్తూనే ఉంటాయి. లోపం పడ్డ ముక్క పోయినట్టే, లేదంటే సగం మూసేసి తక్కువరకం కింద అమ్మాలి. పది నలుసులు పడితే 230లో పది పోవడం ఒకటి, 95లో పది పోవడం ఒకటి. పైగా ఏఎమ్‌డీ 55 నానోమీటర్ల పద్ధతికి మారింది. ఎన్విడియా ఆ చిప్పుకి నమ్మకమైన 65 దగ్గరే ఉండిపోయింది.

ఇక మెమరీ. చిప్పు ఎంత వేగంగా లెక్కలు వేసినా, దానికి బొమ్మల సరుకు అందించేది మెమరీ. ఎన్విడియా 512 బిట్ల వెడల్పు దారి వేసింది. దానికి కార్డు మీద 16 మెమరీ చిప్పులు, వాటికి వందల గీతలు, ఆ గీతలు పట్టే ఖరీదైన బోర్డు కావాలి. ఏఎమ్‌డీ 256 బిట్లతోనే సరిపెట్టి, జీడీడీఆర్5 అనే కొత్తరకం మెమరీ మీద పందెం కాసింది. అప్పటికి దాన్ని కార్డులో వాడినవాళ్లే లేరు. 8 చిప్పులతో సెకనుకి 115 గిగాబైట్లు లాగింది 4870. రెట్టింపు చిప్పులు, రెట్టింపు దారితో జీటీఎక్స్ 280 లాగింది 142. కొత్త మెమరీ సమయానికి రాకపోయి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. దాన్ని అందించిన జర్మనీ కంపెనీ క్విమోండా ఏడు నెలలకే, 2009 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదృష్టం అలా సన్నటి గీత మీద నడిచింది.

చిప్పు లోపల జరిగిన సంగతి నాకు మరీ ఇష్టం. 256 బిట్ల మెమరీ దారికి కావలసిన కనెక్షన్లన్నీ చిప్పు అంచుల వెంబడే పెట్టాలి. వాటికి ఇంత చుట్టుకొలత తప్పదు. లెక్కలు వేసే యూనిట్లు 480 పెడదామని మొదలుపెట్టారు. తీరా చూస్తే అంచులు అంత ఉండగా నడుమ ఖాళీ మిగిలింది. ఖాళీ సిలికాన్‌కీ డబ్బు కట్టాల్సిందే కదా! నింపుకుంటూ పోతే 800 దగ్గర ఆగింది. ఈ సంఖ్యని గుట్టుగా ఉంచారు. బయట పుకార్లన్నీ 480 చుట్టూనే తిరిగాయి. ఎన్విడియా 649 అని ధర కట్టినప్పుడు ఎదురుగా ఏముందో దానికి తెలియదు.

జూన్ చివరి వారం బాగోతం మొదట్లో చెప్పాను. ఎన్విడియా 9800 జీటీఎక్స్ ధరని 199కి దింపి 4850కి అడ్డం పెట్టింది. 229కి ఇంకో కార్డు ప్రకటించింది. పెద్ద కార్డుల ధర కోసింది. జూలై మొదట్లోనే ఆదాయం అంచనా కంటే తగ్గుతుందని మదుపరులకి చెప్పుకుంటూ, కారణాల్లో ఒకటిగా పోటీ కార్డుల వల్ల ధరలు సవరించాల్సి రావడాన్నీ రాసింది. ల్యాప్‌టాప్ చిప్పుల్లో లోపాలకి పక్కన పెట్టాల్సిన సొమ్ము వేరే. షేరు ఒక్కరోజులో 30 శాతం దాకా పడింది. ఇటు 4850 కూడా వంక లేనిదేం కాదు. పల్చటి ఫ్యాను బిగించి నెమ్మదిగా తిప్పేసరికి కార్డు ఊరికే ఉన్నా సెగలు కక్కేది. 199 డాలర్ల దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మన వైపు ఈ కోత ఎంత చేరిందంటే, సగమే. 2008 జూన్‌లో డాలరు 43 రూపాయల దగ్గర ఉంది. నవంబర్ చివరికి 50కి చేరింది. అంటే 299 డాలర్లు పన్నులూ రవాణా లెక్కలోకి తీసుకోకుండానే దాదాపు 12,900 నుంచి 14,950కి ఎక్కింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలున్న చినాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి దిగేవాళ్లకి అమెరికా ధరకీ ఇక్కడి ధరకీ పొంతన కుదరకపోవడం కొత్తేమీ కాదు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర పాత ధరకి దిగుమతైన సరుకు అయ్యేదాకా కోత రాదు, పెంపు మాత్రం ఆ సాయంత్రానికే వచ్చేస్తుంది.

ఏఎమ్‌డీ దయాగుణం ఎంతో ఏడాదికే తేలింది. 2009 సెప్టెంబర్‌లో హెచ్‌డీ 5850 వచ్చింది, 259 డాలర్లకి. ఎన్విడియా జవాబు 2010 మార్చి దాకా రాలేదు. ఆ ఆర్నెల్లలో 5850 ధర దిగలేదు సరికదా, 300 డాలర్ల వైపు ఎగబాకింది. టీఎస్‌ఎమ్‌సీలో 40 నానోమీటర్ల చిప్పులు చాలినన్ని రాకపోవడం ఒక కారణం. తొందరపెట్టే పోటీదారు లేకపోవడం రెండోది. జనం మెచ్చుకున్న అదే కంపెనీ, అదే విభాగం.

చిన్న చిప్పు పాఠాన్ని ఎన్విడియా ఇంకా బాగా నేర్చుకుంది. 2012 జనవరిలో ఏఎమ్‌డీ హెచ్‌డీ 7970ని 549 డాలర్లకి పెడితే, మార్చిలో ఎన్విడియా జీటీఎక్స్ 680ని 499కి దించింది. వేగంలో అది ముందుంది. దాని చిప్పు 294 చదరపు మిల్లీమీటర్లు. ఆ సైజు అంతకుముందు 200, 250 డాలర్ల కార్డుల్లో ఉండేది. అవతలివాడు 549 అన్నాడు కాబట్టి 499 చవకగా కనబడింది. ఏప్రిల్‌లో ఏఎమ్‌డీ 479కి దిగింది. కొనేవాడికి కొంత తగ్గింది, నిజమే. చిన్న చిప్పు వల్ల మిగిలిన డబ్బు మాత్రం ఈసారి కొనేవాడి జేబులో పడలేదు.

2016లో మళ్లీ అదే పాచిక వేసినవాడు మనవాడు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన రాజా కోడూరి 2001లో ఏటీఐలో చేరి, మధ్యలో ఆపిల్‌కి వెళ్లొచ్చి, అప్పటికి ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతిగా ఉన్నారు. తైపేలో కంప్యూటెక్స్ వేదిక మీద ఆయన ఆర్ఎక్స్ 480ని 199 డాలర్లకని ప్రకటిస్తే 2008 మళ్లీ వచ్చిందన్నారు. రాలేదు. ఆర్ఎక్స్ 480 చిప్పు 232 చదరపు మిల్లీమీటర్లు. అది అమ్మకానికి వచ్చిన మూడు వారాలకి ఎన్విడియా దించిన జీటీఎక్స్ 1060ది 200. వేగం దాదాపు సమానం, కరెంటు తక్కువ తాగుతుంది, ధర 249. తన చిప్పే చిన్నదైనప్పుడు ఎన్విడియా 199కి ఎందుకు దిగుతుంది? ఆ మరుసటేడు ఈథరియం అనే క్రిప్టో నాణేల తవ్వకందార్లు రెండు రకాలనూ ఎగరేసుకుపోయాక ధరల పోటీ అన్న మాటకే అర్థం లేకుండా పోయింది. 2021లో ఇంకోసారి అదే జరిగింది. ఉన్నదంతా ఎంతకైనా అమ్ముడుపోతుంటే ఎవరు ఎవరికి తగ్గిస్తారు. కోడూరి 2017లో ఇంటెల్‌కి వెళ్లి మూడో పోటీదారుని తయారుచేసే పని చేపట్టారు. 2022 అక్టోబర్‌లో వచ్చిన ఆర్క్ ఏ770 ధర 329 డాలర్లు. చిప్పు మాత్రం 400 చదరపు మిల్లీమీటర్లు దాటింది. అంత సిలికాన్‌ని అంత తక్కువకి అమ్మితే లాభం ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఈలోగా ఎన్విడియాకి గ్రాఫిక్స్ కార్డు పక్క వ్యాపారమైపోయింది. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాని ఆదాయం 13,050 కోట్ల డాలర్లు. అందులో ఆటల విభాగానిది 1,140 కోట్లు. డేటా సెంటర్ల చిప్పులదే 11,520 కోట్లు. కార్డు చిప్పుకి ఇప్పుడు పెద్ద పోటీదారు ఏఎమ్‌డీ కాదు, ఎన్విడియా సొంత ఏఐ చిప్పే.

2024లో ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ పెద్ద జాక్ హ్యూన్ తాము సింహాసనం కోసం పరుగెత్తమని, ఎక్కువమంది కొనగలిగే కార్డులే ముందని అన్నారు. 2005 మాటే. 2025 మార్చిలో ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ వచ్చింది, 599 డాలర్లకి. రెండు వారాల ముందు వచ్చిన ఎన్విడియా 5070 టీఐ 749. తేడా 150 డాలర్లు, వేగంలో కొద్దిపాటి తేడా. ఈ రెండు చిప్పులూ టీఎస్‌ఎమ్‌సీలో ఒకే తరం పద్ధతిలో తయారైనవే. ఒకటి 357 చదరపు మిల్లీమీటర్లు, రెండోది 378. పళ్లెం లెక్కలో తేడా పెద్దగా లేదు. నెల గడిచింది. 5070 టీఐ అధికారిక ధర అప్పటికీ 749 దగ్గరే ఉంది. దుకాణాల్లో రెండు కార్డులూ చెప్పిన ధరకంటే పైనే అమ్ముడుపోయాయి.